డేటాబేసునందు జాప్యము: కారణమును కనుగొను విధము

ఆదాయ ధ్రువపత్రమునకై వచ్చిన వ్యవసాయ కూలీతో "కంప్యూటరు నెమ్మదిగా నున్నది, రేపు రమ్ము" అని చెప్పినచో అతడొక దినపు కూలిని కోల్పోవును. అట్టి జాప్యమునకు కారణమును నిపుణులెట్లు కనుగొందురో పాఠకులకు తెలుపదలచితిమి.

దరఖాస్తులను, లెక్కలను క్రమముగా భద్రపరచు కంప్యూటరు వ్యవస్థయే డేటాబేసు. దానితో ఏర్పడిన ఒక్కొక్క సంబంధమును సెషను అందురు. ధ్రువపత్రములు, రుసుము చెల్లింపులు మున్నగు పనులను వేర్వేరు పేర్లతో విభజించినచో ఒక్కొక్క విభాగము సర్వీసు అనబడును.

సెషనులు అనేకముగా నున్నంత మాత్రమున భారము హెచ్చినదని తలచరాదు. ధాన్యపు మిల్లు ముంగిట చెట్టునీడన కూర్చున్నవారందరును వరుసలో నున్నవారు కారుగదా! 2003లో ప్రకటింపబడిన ఒరాకిల్ 10జి డేటాబేసునందు ఇందుకొక చక్కని ఏర్పాటు కలదు. అది ప్రతి సెకనునకు ఒకమారు, పనిలో నున్న సెషనులను మాత్రమే పరిశీలించి, ఏది ఏ సర్వీసునకు చెందినదో, దేనికొరకు వేచియున్నదో నమోదు చేయును.

ఉదాహరణకు 60 సెకనులలో సెషనులన్నియు పనికిని, నిరీక్షణకును కలిపి 600 సెకనులు గడపినవనుకొందము. అనగా సగటున 10 సెషనులు చురుకుగా నున్నవన్నమాట. ఆ పదియు ప్రాసెసరుపైననే పని కోరుచుండి, యంత్రమునకు 4 కోర్లే యున్నచో, యంత్రశక్తి చాలదని గ్రహింపవచ్చును. అట్లుగాక ఎనిమిది సెషనులు ఒకే వరుసకు పడిన తాళము వీడుటకై వేచియున్నచో, ఎంత పెద్ద యంత్రము కొనినను ప్రయోజనము లేదు. దరఖాస్తు వరుససంఖ్యను మార్చి, ఆ మార్పును ఖాయపరచకయే ఊరకున్న ఒక్క సెషను తక్కినవారి నందరను ఆపివేయగలదు. తాళము పట్టిన ఆ సెషను సంఖ్యయు నమోదులలో దొరకును.

సర్వీసులవారీగా చూచుటవలన మరియొక లాభము కలదు. చెల్లింపులు సాఫీగా సాగుచు ధ్రువపత్రములే ఆగినచో, వెదుకవలసిన చోటు తెలియును. అయితే, సజావుగా సాగిన దినముల లెక్కలను ముందుగనే భద్రపరచుకొనినగాని, జాప్యము కలిగిన దినమున పోల్చిచూచుటకు వీలుండదు. కావున ఈ పరిశీలన నిత్యకృత్యము కావలెను. యంత్రమునకై ధనము వెచ్చించుటకు పూర్వము నిరీక్షణకు కారణమును విచారించుట వివేకము. అప్పుడు కూలీ మరల రేపు రానక్కరలేదు.