ఒడ్డు చేరాకే బక్షీసు

నాగార్జునసాగర్: “ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య” అన్న సామెత ఊళ్లలో అందరూ ఎరిగిందే. అవసరం తీరాక మొహం తిప్పుకునే వారిని గురించి పెద్దలన్న మాట అది. సాగర్‌లో లాంచీ ఎక్కే యాత్రికులు దీన్ని ఒకసారి తలచుకోవడం మంచిది.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట వెనుక కృష్ణ నిలిచి, పాత విజయపురి లోయ మునిగిపోయింది. తవ్వకాల్లో దొరికిన బౌద్ధ శిల్పాలను నాగార్జునకొండ మీదికి చేర్చారు. కొండ ద్వీపమైంది. అక్కడి మ్యూజియం చూడాలంటే లాంచీయే గతి. నీరు నిండుగా ఉన్న రోజుల్లో సాగర్ నుంచి శ్రీశైలానికి కూడా పర్యాటక సంస్థ లాంచీ నడుపుతుంది. సుమారు 110 కిలోమీటర్ల ఆ ప్రయాణానికి పగలంతా పడుతుంది.

లాంచీని నడిపేవాడు సరంగు. తాడు కట్టి, పలక వేసి, ముసలివాళ్లనూ పసిపిల్లలనూ చెయ్యి పట్టి దింపేవారు ఖలాసీలు. టిక్కెట్టు డబ్బు కౌంటరులో కట్టాం కదా, మళ్లీ వీరికి ఇవ్వాలా? ఇస్తే ఎంత? ఎప్పుడు?

మన ఊళ్లలో చాకలికి, మంగలికి, కుమ్మరికి పంట కాలంలో కళ్లం దగ్గర మేర కొలిచి ఇచ్చే ఆచారం ఉండేది. మేర వారి హక్కు. ఏడాది పొడుగునా చేసిన పనికి ఫలం. బక్షీసు అలాంటిది కాదు. మనసు సంతోషించి ఇచ్చేది. ఇవ్వనివాణ్ణి తప్పుపట్టరాదు. అడిగి, సతాయించి వసూలు చేసేది బక్షీసే కాదు.

ఎంత అన్నదానికి రూలు లేదు. ఊరంతా బస్సు మాట్లాడుకుని వచ్చినప్పుడు తలా పదో ఇరవయ్యో పోగుచేసి, సరంగు చేతికిచ్చి “అందరూ పంచుకోండి” అనడం మర్యాద. వంట వడ్డన ఉన్న ప్రయాణమైతే వడ్డించినవారినీ మరువరాదు. చేతిలో పైసలు లేనివారు “మంచిగా చేర్చిన్రు” అని ఒక మాట అన్నా చాలు. విసిరినట్టు ఇవ్వడం మాత్రం ఇవ్వకపోవడం కన్నా చెడ్డది.

అన్నిటికన్నా ముఖ్యం, ఎప్పుడు ఇస్తున్నామన్నది. ఒడ్డు చేరాక ఇచ్చేది బక్షీసు. ఎక్కక ముందు ఇచ్చేది లంచం. “మా వాళ్లు ఇంకో నలుగురున్నారు, ఎక్కించుకో” అంటూనో, లైఫ్ జాకెట్ వేసుకోబోమంటూనో చేతిలో నోటు పెట్టడం ప్రాణాలతో బేరం. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలో సింగోటం జాతర యాత్రికులతో ఉన్న పడవ మంచాలకట్ట దగ్గర కృష్ణలో మునిగి దాదాపు 60 మంది చనిపోయారు. పట్టేదానికి మించి జనం ఎక్కిన పడవ అది. ఆ దుఃఖం ఎరిగిన జిల్లావాసులకు వేరే చెప్పనక్కరలేదు. “ఇక చాలు, తర్వాతి లాంచీకి రండి” అని ఆపే ఖలాసీయే నిజంగా బక్షీసుకు తగినవాడు.

అమెరికాలోని బిడ్డల దగ్గరికి పోయి, అక్కడి సముద్రపు ఓడలెక్కే తల్లిదండ్రులు నల్లగొండ, పాలమూరు పల్లెల్లోనూ ఉన్నారు. అక్కడి లెక్క వేరు. గది ఊడ్చేవారికి, వడ్డించేవారికి ‘టిప్పు’ కింద మనిషికి రోజుకు సుమారు 15 నుంచి 20 డాలర్ల దాకా చాలా కంపెనీలు బిల్లులోనే కలుపుతాయి. పిల్లలకూ లెక్క కడతాయి. వెనుకటికి చివరి రాత్రి కవరులో పెట్టి ఇచ్చేవారు. అందువల్ల బిల్లులో కలిసిందా లేదా అని ముందే కనుక్కోవాలి. కలిసి ఉంటే మళ్లీ ఇవ్వనక్కరలేదు. ఎవరైనా ప్రత్యేకంగా ఆదుకుంటే, వారి చేతికి ఇంకొంత ఇవ్వడం ఇష్టం. ఆ పనివారిలో ఎందరో మన దేశం నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి పొట్ట చేతపట్టుకుని పోయినవారే. వారి సంపాదనలో ఈ టిప్పుది పెద్ద భాగం.

సాగర్ లాంచీ అయినా, సముద్రపు ఓడ అయినా మర్యాద ఒక్కటే. ఎక్కేటప్పుడు వారి మాట వినాలి, దిగేటప్పుడు వారిని తలచుకోవాలి. ఏరు దాటాక కూడా మల్లయ్య మల్లయ్యే.