ఒడ్డున కాస్త చీకటి

మా అపార్ట్‌మెంటు డాబా మీద సముద్రం వైపు తిప్పిన ఫోకస్ లైటు ఒకటుండేది. దాన్ని ఆర్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, రోడ్డు దాటితే ఇసుకే అన్నంత దగ్గర మా ఇల్లు. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. సరీసృపాల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద తాబేలు బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, పిల్లల చేత వల్లె వేయించాను. సముద్ర తాబేలు గుడ్లు పెడుతుంటే కళ్లారా చూసింది మాత్రం రిటైరయ్యాకే. ఒక ఫిబ్రవరి రాత్రి, మా గేటుకు నాలుగొందల అడుగుల దూరంలో.

అటవీశాఖ వాళ్లు ఈ తీరంలో అక్కడక్కడా కర్రలు పాతి, చుట్టూ వల కట్టి తాబేలు గుడ్లకు హేచరీలు పెడతారు. వాటికి కాపలా ఉండేది చుట్టుపక్కల మత్స్యకార పల్లెల వాళ్లే. మా దగ్గరి హేచరీ చూసేది యాభై దాటిన మనిషి, ఒకప్పుడు తెప్ప మీద వేటకెళ్లినవాడు. పొద్దున నడకకు వెళ్లినప్పుడు రోజూ రెండు మాటలు మాట్లాడుకునేవాళ్లం. ఆ రాత్రి రెండు గంటలకు ఫోన్ చేశాడు. "టీచరమ్మా, వొచ్చీయండి. లైటు మాత్రం ఎయ్యకండేం" అన్నాడు.

చంద్రుడు లేడు. కెరటం విరిగిన చోట తెల్లటి గీత తప్ప ఏమీ కనబడలేదు. అతను నన్ను చుట్టూ తిప్పి తాబేలు వెనక కూచోబెట్టాడు. "ముందుకెల్తే బెదిరిపోయి తిరిగెల్లిపోతాది" అని గుసగుసగా చెప్పాడు. అతని టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఉంది. ఆ మసక వెలుగులో రెండడుగులకు పైనున్న డిప్ప కనిపించింది. పచ్చా బూడిదా కలిసిన రంగు. ఆ రంగు వల్లే దీన్ని ఆలివ్ రిడ్లే అంటారు. బరువు నలభై కిలోల దాకా ఉంటుంది. సముద్ర తాబేళ్లలో చిన్నవాటి లెక్కలోకే వస్తుంది.

దాని వెనక కాలు ఒకటి గుంటలోకి దిగింది. అరచేయి ముడిచినట్టు ముడుచుకుని, గుప్పెడు తడి ఇసుక ఎత్తుకుని పైకొచ్చి, పక్కన మెల్లగా పెట్టింది. వెంటనే రెండో కాలు తన దగ్గరున్న ఇసుకను విసిరికొట్టి, తను దిగింది. మళ్లీ మొదటిది. తన వెనక ఏం జరుగుతోందో దానికి కనబడదు. కాళ్లతో తడుముకుంటూనే కూజా ఆకారంలో, సన్నటి మెడా వెడల్పాటి కడుపూ ఉండేలా, అడుగున్నర లోతు గుంట తవ్వేసింది. కుమ్మరి చక్రం మీద చేతులు చూస్తున్నట్టు అనిపించింది నాకు.

తర్వాత గుడ్లు. రెండేసి, మూడేసి, తెల్లగా, తడిగా, టేబుల్ టెన్నిస్ బంతులంత. కోడిగుడ్డు పెంకులా గట్టిగా ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది. అందుకే అంత ఎత్తు నుంచి పడినా పగలవు. తాబేలు కంటి నుంచి చిక్కటి నీరు కారుతోంది. పురిటినొప్పులకు ఏడుస్తుందని ఇక్కడి ఆడవాళ్లు అంటారు. అది ఒంట్లో చేరిన సముద్రపు ఉప్పును బయటకు పంపే గ్రంథుల నీరు. నీళ్లలో ఉన్నప్పుడూ కారుతూనే ఉంటుంది, మనకు తెలియదంతే. పిల్లలకు ఇన్నేళ్లూ చెప్పిన పాఠమే ఇది. అయినా ఆ రాత్రి నా కళ్లు కూడా చెమర్చాయి.

గుంట పూడ్చాక అది ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో నేలను ధబ్ ధబ్‌మని మోదింది. ఇల్లు కట్టేటప్పుడు దిమ్మిస కొడతారే, అలాగే. ఆ అదురు కూర్చున్న చోట నాకు కాళ్ల కింద తెలిసింది. తర్వాత రొప్పుకుంటూ, ఆగుతూ, నీళ్లలోకి వెళ్లిపోయింది. మొత్తం గంటలోపే అయిపోయింది.

కాపలాదారు గుడ్లు లెక్కపెట్టాడు. నూట పన్నెండు. ఒక్కొక్కటీ ఎలా ఉన్నది అలాగే, బోర్లించకుండా, తిప్పకుండా తీసి బుట్టలో పెట్టుకున్నాడు. పెట్టిన కొద్ది గంటలకే పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిండం బతకదు. అందుకే అంత తొందర, అంత నెమ్మది. హేచరీలో అంతే లోతున, అదే కూజా ఆకారంలో గుంట తీసి సర్దాడు. తేదీ, లెక్క రాసిన చెక్క ముక్క గుచ్చాడు. ఒడ్డున వదిలేస్తే కుక్కలూ నక్కలూ తవ్వుకుపోతాయి, లేకపోతే పోటు నీళ్లు ముంచుతాయి.

అక్కడి నుంచి పొదిగే పని ఇసుకది. నలభై అయిదు నుంచి అరవై రోజులు. పిల్ల ఆడదా మగదా అన్నది తేల్చేది కూడా ఇసుక వేడే. వెచ్చగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, కాస్త చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ. ఎండలు ముదురుతున్న కొద్దీ ఈ లెక్క ఒక వైపుకే ఒరిగిపోతుందేమోనన్నది శాస్త్రవేత్తల భయం. హేచరీ మీద తాటాకు పందిరో గుడ్డ నీడో కనిపిస్తే ఎందుకో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

మా ఒడ్డుకు ఒంటరిగా వచ్చే తల్లులే ఎక్కువ. పైన ఒడిశాలో రుషికుల్య, గహిర్‌మఠ తీరాలకైతే గుంపులుగా వస్తాయి. 2025లో రుషికుల్య దగ్గర ఆరు లక్షలకు పైగా వచ్చి గుడ్లు పెట్టాయి. అందుకని మనవి లెక్కలోకి రావనుకోకూడదు. పుట్టిన తీరాన్ని ఇవి మర్చిపోవు. భూమి అయస్కాంత శక్తిని బట్టి దారి పోల్చుకుంటాయంటారు. ఈ ఇసుక మీద పుట్టిన ఆడపిల్ల పదీ పదిహేనేళ్లకు పెద్దదై, గుడ్లు పెట్టడానికి మళ్లీ ఈ దాపులకే వస్తుంది. అప్పటికి ఈ ఒడ్డు ఒడ్డుగా ఉండాలి కదా.

ఇక లైటు సంగతి. తాబేలు పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని, ఒకదాని మీదొకటి ఎక్కుతూ, ఇసుకను కాళ్ల కిందికి తోసుకుంటూ రెండు మూడు రోజులు పైకి పాకుతాయి. పైపొర చల్లబడితే రాత్రయిందని గుర్తు. అప్పుడు అన్నీ ఒక్కసారి బయటపడతాయి. బయటపడగానే వాటికి తెలిసింది ఒకటే: ఎక్కడ వెలుతురుంటే అటు నడవడం. చెట్లూ ఇసుక దిబ్బలూ చీకటిగా ఉంటాయి, నక్షత్రాల కింద సముద్రం మెరుస్తుంది. కోట్ల ఏళ్లుగా ఆ లెక్క తప్పలేదు. మా డాబా లైటు తప్పించింది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో ఎవరి కంటా పడని గూడు ఒకటి ఒడ్డునే పొదిగింది. తెల్లారి పాల పాకెట్ కోసం కిందికి దిగితే మా గేటు ముందు, తారు రోడ్డు మీద, నల్లగా బొగ్గు ముక్కల్లా ఏవో పడి ఉన్నాయి. వంగి చూశాను. ముప్ఫై ఒకటి. కొన్ని బండ్ల కింద నలిగాయి, కొన్ని ఎండిపోయాయి. కాలువ గట్టు నీడన నాలుగు మాత్రం ఇంకా కదులుతున్నాయి. కొంగులో వేసుకుని హేచరీకి పరిగెత్తాను. "రేత్రి దాకా తడి ఇసకలో ఉంచీసి వొదుల్దాం టీచరమ్మా, పగలైతే కాకులు తినీస్తాయి" అన్నాడు కాపలాదారు. నన్ను ఒక్క మాట అనలేదు. మా డాబా వైపు మాత్రం ఒకసారి చూశాడు.

అపార్ట్‌మెంటు మీటింగులో విషయం పెట్టాను. దొంగల భయం అన్నారు, పాములన్నారు, ఆలస్యంగా ఇంటికొచ్చే ఆడపిల్లల సంగతేమిటన్నారు. ఇవేవీ కొట్టిపారేసే మాటలు కావు. చీకటంటే మనుషులకు భయం, వెలుతురంటే తాబేలుకు ప్రమాదం. రెండూ నిజాలే. రెండేళ్లు మాట్లాడగా మాట్లాడగా ఒక దారి దొరికింది. డాబా లైటు తీసేసి, గేటు దగ్గర నేల మీదికే పడేలా మూత ఉన్న పసుపు దీపం పెట్టుకున్నాం. తెల్లటి వెలుగు కంటే పసుపు, ఎరుపు వెలుగు వాటిని తక్కువ తికమక పెడుతుంది. జనవరి నుంచి మే వరకు సముద్రం వైపు బాల్కనీ దీపాలు తొమ్మిది దాటాక ఆర్పేస్తాం, తెరలు వేస్తాం. గేటు దగ్గర వెలుతురు ఇప్పుడే బాగుందని మొదట గట్టిగా కాదన్న మా పైఅంతస్తు ఆవిడే అంది.

ఒడ్డున ఇంత చేసినా లోపల సముద్రంలో పెద్ద గండం ఉంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో చచ్చిన పెద్ద తాబేళ్లు కొట్టుకొస్తాయి. ఒంటి మీద దెబ్బ కూడా ఉండదు. తాబేలు గాలి పీల్చే జీవి. ట్రాలర్ వల అడుగున ఈడుస్తూ పోతుంటే అందులో చిక్కి, గింజుకుని, ఊపిరాడక చచ్చిపోతుంది. దీనికి ఉపాయం ఉంది. టెడ్ అని వల మధ్యలో అమర్చే ఊచల చట్రం. రొయ్యా చేపా ఊచల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనున్న కన్నంలోంచి బయటపడుతుంది. దాంతో పాటు కొంత సరుకు కూడా జారిపోతుందని బోటు వాళ్ల బాధ. డీజిల్ ఖర్చు తెలిసినవాళ్లెవరూ ఆ బాధను తీసిపారేయరు. ఆ నష్టాన్ని వాళ్ల ఒక్కళ్ల నెత్తినే రుద్దకుండా ప్రభుత్వం కూడా మోయాలని నా గట్టి అభిప్రాయం. 1972 వన్యప్రాణి చట్టం ఈ తాబేలును మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానంగా పెట్టింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం కూడా ఉంది. అది ప్రధానంగా చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టినది. తల్లి తాబేళ్లు ఒడ్డుకొచ్చే రోజులు చాలామటుకు దానికంటే ముందే అయిపోతాయి.

శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మంలో విష్ణుమూర్తిని కూర్మ రూపంలో కొలుస్తాం. ఆ గుళ్లో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. అవి నేల మీద బతికేవి, భయమేస్తే తలా కాళ్లూ డిప్పలోకి లాక్కుంటాయి. సముద్ర తాబేలుకు ఆ వీలు లేదు. తెడ్లలాంటి కాళ్లు, లోపలికి పోని తల. గట్టు మీద దాక్కోవడానికి దానికి ఉన్నది చీకటి ఒక్కటే.

ఇదంతా విని సముద్రానికి వెళ్లడం మానేయమంటున్నానని అనుకోకండి. మా మనవలు సెలవులకొస్తే రోజూ అక్కడే ఉంటాం. పాటు వేళ, నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వెళ్లి చూడండి. తడి ఇసుక మీద చిన్న చిన్న పీతలు కన్నాల చుట్టూ ఆవగింజలంత ఉండలు పేర్చి ఉంటాయి, ఎవరో చుక్కల ముగ్గు పెట్టినట్టు. ఇసుకను నోట్లో వేసుకుని, అందులోని తిండి తిని, మిగిలినది ఉండ చేసి పక్కన పెడతాయి. కెరటమొచ్చి చెరిపేస్తుంది, మళ్లీ పెడతాయి. మా చిన్న మనవరాలు ఆ ముగ్గు తొక్కకుండా గెంతుకుంటూ వెళ్తుంది. పెద్దాడు గవ్వలు ఏరతాడు. అయితే చేతిలో పెట్టుకుని కాసేపు చూసి, లోపల సన్యాసి పీత కాపురం లేదని తేలాకే జేబులో వేసుకుంటాడు. ఇసుకలో గోతులు తీసి ఆడుకుంటారు, లేచేటప్పుడు పూడుస్తారు. మోకాలి లోతు గొయ్యిలో పడితే తాబేలు పిల్ల ఎక్కిరాలేదు. ఒక్క స్నానం విషయంలో మాత్రం వాళ్లు ఎంత ఏడ్చినా వినను. మా తీరంలో నేల ఉన్నట్టుండి లోతవుతుంది, తిరుగు నీరు కాళ్ల కింది ఇసుకతో సహా లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా పోయారు.

మురీమిక్చర్ తినకుండా ఇంటికి రాం. కాగితం పొట్లంలో కట్టిచ్చే బండి దగ్గరే కొంటాం. నీళ్ల మీద తేలే పల్చటి ప్లాస్టిక్ సంచి తాబేలు కంటికి జెల్లీ చేపలాగే ఉంటుంది. మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది. పొద్దున నడకలో నేను ఒక బియ్యం సంచి పట్టుకెళ్తాను. తెగిన వల ముక్కలు, నైలాన్ తాళ్లు కనబడితే ముందు అవే ఏరతాను. అవి కుళ్లవు, సముద్రంలోకి తిరిగి వెళ్తే ఏళ్ల తరబడి ఎవరి చేతిలో లేకుండానే వేటాడుతుంటాయి.

మొన్న మార్చిలో ఒక తెల్లవారుజామున ఇసుక మీద జాడ చూశాను. ట్రాక్టర్ టైరు గుర్తులా, రెండున్నర అడుగుల వెడల్పు. నీళ్లలోంచి నేరుగా పైకొచ్చి, సగం దూరంలో ఆగి, గుండ్రంగా తిరిగి, మళ్లీ నీళ్లలోకి. గుంట లేదు, గుడ్లు లేవు. తల ఎత్తి చూస్తే ఎదురుగా కొత్తగా పెట్టిన బజ్జీల బండి. కర్రకు వేలాడదీసిన పెద్ద తెల్లటి ఎల్‌ఈడీ బల్బు, తెల్లవారినా ఇంకా వెలుగుతూనే ఉంది.

సాయంత్రం కాపలాదారూ నేనూ కలిసి ఆ బండి దగ్గరికి వెళ్లాం. రెండేళ్ల మీటింగులు గుర్తొచ్చి, ఎలా మొదలుపెట్టాలా అని దారి పొడవునా మాటలు కూడగట్టుకున్నాను. అరటికాయ ముక్కలు కోస్తున్న ఆమె మేం చెప్పింది విని కత్తి పక్కన పెట్టింది. జాడ ఎక్కడ అని అడిగింది. చూపించాం. కెరటాలు అప్పటికే సగం చెరిపేశాయి. మిగిలిన సగం దగ్గర కాసేపు నిలబడింది.

"రేత్రంతా బండి ఇక్కడే ఉంటాది గదా, ఎవులైనా ఎత్తుకుపోతారని ఎలిగించి వొగ్గేస్తన్నానమ్మా" అంది. "తాబేలమ్మకి అడ్డమని ఎవులూ సెప్పనేదు. సెప్పుంటే ఆర్పీసీదాన్ని గదా."

ఆ రాత్రి నుంచి బండికి కాపలా కూడా మా హేచరీ మనిషే చూస్తున్నాడు.