థియరీ పీహెచ్‌డీకి ‘సేఫ్’ కాలమ్ పనిచేయదు

ఎంఎస్‌కి వెళ్లే సీనియర్ల దగ్గర ఓ ఎక్సెల్ షీట్ ఉంటుంది. యాంబిషస్, మోడరేట్, సేఫ్ అని మూడు కాలమ్స్. ర్యాంకింగ్ జాబితా పట్టుకుని పైనుంచి కిందికి నింపేయడమే. ఇంజినీరింగ్‌లో మా బ్యాచ్ అంతా అదే చేసింది. థియరిటికల్ ఫిజిక్స్ పీహెచ్‌డీకి అప్లై చేస్తూ మీరూ ఆ షీటే నింపుతుంటే కాస్త ఆగండి.

ఎంఎస్‌లో ఫీజు మీరు కడతారు. అమెరికాలో ఫిజిక్స్ పీహెచ్‌డీకి మాత్రం సాధారణంగా ఫీజు మాఫీ చేసి, స్టైపెండ్ కూడా యూనివర్సిటీయే ఇస్తుంది. అందుకే సీట్లు తక్కువ, థియరీకి మరీ తక్కువ. చిన్న డిపార్ట్‌మెంట్‌లో స్ట్రింగ్ థియరీ ప్రొఫెసర్ ఒక్కరే ఉండొచ్చు. ఈ ఏడాది ఆయన కొత్త విద్యార్థిని తీసుకోకపోతే మీ ప్రొఫైల్ ఎంత బాగున్నా లాభం లేదు. ర్యాంకు తగ్గితే సీటు ఖాయం అనే లెక్క ఇక్కడ తప్పుతుంది.

ఇంకోటి. ఓవరాల్ ర్యాంకు చూసి స్టోనీబ్రూక్‌ని సేఫ్‌లో వేసేవాళ్లున్నారు. అక్కడ సి.ఎన్.యాంగ్ పేరిట థియరిటికల్ ఫిజిక్స్ ఇన్‌స్టిట్యూటే ఉంది! శాంటా బార్బరాలో కావ్లీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. రట్గర్స్ స్ట్రింగ్ థియరీ గ్రూప్‌కి పెద్ద పేరు. ప్రిన్స్‌టన్, హార్వర్డ్‌లకు అప్లై చేసేవాళ్లే ఇక్కడా మీతో పోటీ పడతారు.

మరి బ్యాకప్ ఎలా? యూనివర్సిటీ స్థాయి తగ్గించే బదులు దారి మార్చండి. ఇటలీలోని ట్రియెస్టెలో అబ్దుస్ సలామ్ 1964లో స్థాపించిన ఐసీటీపీ, అభివృద్ధి చెందుతున్న దేశాల విద్యార్థులకు ఏడాది డిప్లొమా కోర్సు నడుపుతోంది. స్కాలర్‌షిప్ ఇస్తారు. పీహెచ్‌డీకి సిద్ధం చేయడమే దాని పని. కెనడాలోని పెరిమీటర్ ఇన్‌స్టిట్యూట్ మాస్టర్స్ కూడా ఇలాంటిదే. కాకపోతే పోటీ గట్టిగా ఉంటుంది, అదొక్కటే నమ్ముకోవద్దు.

మన దేశంలోని దారి చాలామందికి చివర్లో గుర్తొస్తుంది. అప్పటికి ఫారాల గడువు దాటిపోతుంది. టీఐఎఫ్ఆర్ పరీక్ష సాధారణంగా డిసెంబరులో, అంటే సరిగ్గా అమెరికా డెడ్‌లైన్ల హడావుడిలో వస్తుంది. జెస్ట్, గేట్ ఫిబ్రవరి ప్రాంతంలో ఉంటాయి. జెస్ట్‌తో చెన్నై ఐఎంఎస్‌సీ, ప్రయాగ్‌రాజ్ హరీశ్‌చంద్ర ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు. థియరీలో ఇవి అంతర్జాతీయంగా పేరున్న సంస్థలు. వీటిని ‘బ్యాకప్’ అనడం నాకైతే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. బీటెక్ వాళ్లకు అర్హత సంస్థను బట్టి మారుతుంది కాబట్టి నోటిఫికేషన్ జాగ్రత్తగా చదవండి.

ఎస్‌ఓపీలో ఎక్స్‌పరిమెంట్ అని రాసి, చేరాక థియరీకి మారిపోవచ్చని కొందరు సలహా ఇస్తారు. వినకండి. థియరీ గ్రూప్ మిమ్మల్ని తీసుకోవాలన్న రూలేమీ లేదు. నిజంగా ఆసక్తి ఉంటే కండెన్స్‌డ్ మ్యాటర్ థియరీ, కాస్మాలజీ, క్వాంటమ్ ఇన్ఫర్మేషన్ కూడా పరిధిలోకి తెచ్చుకోండి. అవకాశాలు అక్కడ పెరుగుతాయి.

ఒక్కో అప్లికేషన్‌కి సుమారు 100 డాలర్లు, అంటే మన డబ్బుల్లో 8 వేలు పైమాటే. అందుకే జాబితాలోని ప్రతి పేరు పక్కన ఒక ప్రశ్న రాసుకోండి: ‘ఇదొక్కటే వస్తే వెళ్తానా?’ వెళ్లను అనిపిస్తే ఆ డబ్బు మిగుల్చుకోండి. వెళ్తాననిపిస్తే ఇన్‌స్పైర్ వెబ్‌సైట్‌లో ఆ ప్రొఫెసర్ పేరు కొట్టి చూడండి. గత రెండు మూడేళ్లలో పేపర్లు వచ్చాయా? వాటిలో విద్యార్థుల పేర్లున్నాయా? ఆ విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారు?

ఆఫర్ వచ్చాక కూడా తొందర వద్దు. చాలా అమెరికా యూనివర్సిటీల్లో ఫండింగ్ ఆఫర్‌కి జవాబివ్వడానికి ఏప్రిల్ 15 వరకు టైముంటుంది. ఈలోగా ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టండి. కొత్త విద్యార్థిని తీసుకుంటున్నారా, ఐదారేళ్లూ టీచింగ్ అసిస్టెంట్‌షిప్ మీదే నడవాలా, వేసవిలో డబ్బులెలా అని అడగండి. జవాబు రాకపోతే ఆ గ్రూప్‌లో చదువుతున్న విద్యార్థికి రాయండి. వాళ్లయితే సాధారణంగా దాచుకోకుండా చెబుతారు.