రైతు ఇంటికి వాతావరణ పరికరములు: ముందు కొనవలసినదేది?



ఇటీవల సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు పలువురు నన్నొక ప్రశ్న అడుగుచున్నారు: "అయ్యా, ఇంటివద్ద వాతావరణ యంత్రము పెట్టుకొనిన లాభమున్నదా? ఉన్నచో తక్కువ సొమ్ములో ఏది కొనవలెను?" దీనికి నా సమాధానము క్లుప్తమైనది. ముందు వర్షమాపకము, తరువాత ఉష్ణమాపకములు, కట్టకడపట విద్యుత్ యంత్రము. ఈ వరుసకు కారణము తెలుపుటకు ముందు నేను చేసిన ఒక పొరపాటును మీకు చెప్పుకొనవలసియున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మృగశిర కార్తెలో ఒక సభ్యుడు నాయొద్దకు వచ్చి, "అయ్యా, ప్రత్తి గింజ పెట్టవచ్చునా?" అని అడిగెను. నేను ఫోనులో మండల కేంద్రపు వాన లెక్క చూచితిని. 64 మిల్లీమీటర్లని యుండెను. "పదును చాలును పెద్దయ్యా, విత్తుకొనుడు" అంటిని. ఆయన చేను మండల కేంద్రమునకు తొమ్మిది కిలోమీటర్ల దూరమున, గుట్టకు ఆవలి ప్రక్కన గలదు. ఆ రాత్రి ఆయన వాకిట మిగిలిన ఒక నిలువుగోడల డబ్బాలో నిలిచిన నీరు రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. దానిని ఆయన చూచెను గాని లెక్కగా ఎంచలేదు. నేను అడుగను లేదు. గింజ మొలచి, క్రింద తడి లేక, పది దినములలో వాడిపోయెను. రెండవమారు విత్తనము కొనుటకు ఆయన అప్పు చేసెను. నన్ను ఒక్క మాట కూడ అనలేదు. మండలపు లెక్కలో తప్పు లేదు. అచ్చటి వానను ఈ చేని వానగా చెప్పిన నాదే తప్పు.

వర్షమాపకము

తొలకరి వాన ఒక చేనిని తడిపి ప్రక్క చేనిని వదలుట మీరెరిగినదే. ఎండ, గాలి, గాలిలోని తేమ ఊరికిని ఊరికిని అంతగా మారవు. వాన మాత్రము మారును. కావున సొంతముగా కొలుచుకొనవలసిన వానిలో మొదటిది వానయే.

ఒక మిల్లీమీటరు వాన యనగా చదరపు మీటరునకు ఒక లీటరు నీరు. ఎకరమునకు సుమారు 4,000 లీటర్లు. 25 మిల్లీమీటర్లు కురిసినచో ఎకరమున లక్ష లీటర్లు పడినట్లు. వర్షాధారపు ప్రత్తికి తేలిక నేలలలో 50 నుండి 60, బరువు నేలలలో 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన కురిసిన పిమ్మటనే విత్తుట మేలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ అంకె మన చేనిదై యుండవలెను. ఆ మీద గడ్డపారతో జానెడు త్రవ్వి తడి ఎంత దిగెనో చూచుట మన పెద్దల పద్ధతి, అదియు విడువరాదు.

గుర్తులు గల వర్షమాపకము కొన్ని వందల రూపాయలలో దొరకును. కొనునపుడు మూతి అంచు పలుచగా, గట్టిగా, వంకర లేక యున్నదా చూడుడు. వ్రేలంత సన్నని గొట్టములు వలదు. తుపాను దినమున 200 మిల్లీమీటర్లకు మించియు కురియును గావున పొంగిన నీరు పట్టుటకు వెలుపలి డబ్బా యున్నది మేలు.

కొన శక్తి లేనివారు ఇంటనే చేసికొనవచ్చును. మూతి లోపలి అడ్డుకొలత 11.3 సెంటీమీటర్లు గల గరాటును ఒక సీసాపై గట్టిగా నిలుపుడు. ఆ మూతి వైశాల్యము 100 చదరపు సెంటీమీటర్లు. మందుల అంగడిలో దొరకు కొలత గ్లాసుతో సీసాలోని నీటిని కొలిచిన, ప్రతి 10 మిల్లీలీటర్లు ఒక మిల్లీమీటరు వాన. ఇంతకంటె చవుకైన పరికరము లేదు.

వెలకంటె ముఖ్యమైనది పెట్టు చోటు. మూతి నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున, సమమట్టముగా నుండవలెను. చెట్టుగాని గోడగాని యున్నచో దాని ఎత్తునకు రెట్టింపు దూరమున పెట్టవలెను. 6 మీటర్ల వేపచెట్టునకు 12 మీటర్ల యెడము. చూరు క్రింద, మిద్దెపైన పెట్టరాదు. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు చూచి వ్రాయుడు. వాతావరణ శాఖవారు చూచు వేళయు అదియే. వాన లేని దినమున సున్న వ్రాయుడు. వ్రాయని దినమునకును, వాన లేని దినమునకును భేదము తరువాత తెలియదు.

ఉష్ణమాపకములు

దినములోని హెచ్చు వేడిమిని, తక్కువ వేడిమిని చూపునది యొకటి, తడిబుడ్డి పొడిబుడ్డి జంట యొకటి చాలును. పొడిబుడ్డి 30 డిగ్రీలు, తడిబుడ్డి 25 డిగ్రీలు చూపినచో, గాలి పట్టగల తేమలో సుమారు మూడింట రెండు వంతులున్నదని యర్థము. రెండింటి యెడము తగ్గినకొలది తేమ హెచ్చును. రాత్రులు చల్లబడి, ఆకుపై మంచు చాలసేపు నిలిచిన దినములలో వరికి అగ్గితెగులు, తేమ పట్టిన దినములలో వేరుసెనగకు టిక్కా తెగులు తగులుట కవకాశము హెచ్చు. అట్టి దినములను ముందుగా గుర్తించినవాడు చేనిని ముందుగా చూచుకొనును.

వీనిని ఎండ తగులు గోడకు తగిలించినచో గోడ వేడిమి తెలియును గాని గాలి వేడిమి తెలియదు. ప్రక్కలకు వాలుపలకలు గల తెల్లని చెక్కపెట్టెలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున, తలుపు ఉత్తరమునకు వచ్చునట్లు ఉంచవలెను. ఊరి వడ్రంగి దీనిని చేయగలడు.

గాలికి పరికరము అంత యవసరము లేదు. ఆకులు గలగలలాడిన గంటకు 6 నుండి 11 కిలోమీటర్లు. దుమ్ము లేచి చిన్న కొమ్మలు కదలిన 20 నుండి 28 కిలోమీటర్లు. దుమ్ము లేచు గాలిలో మందు చల్లుట సొమ్మును పొరుగువాని చేనిలో పోయుట. గాలి బరువును కొలుచు భారమితియు మనకు వలదు. మన దేశమున అది దినమునకు రెండుమారులు హెచ్చి, రెండుమారులు తగ్గుట సహజము. తెలియనివాడు సాయంకాలపు తగ్గుదల చూచి తుపానని భయపడును. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనను మరువనివారు తుపాను విషయమున ప్రభుత్వపు హెచ్చరికనే నమ్మవలెను.

విద్యుత్ యంత్రము

వేల రూపాయలు పెట్టి కొను యంత్రము గంటగంటకు తానే లెక్క వ్రాయును. అది దాని మేలు. కాని చవుక యంత్రములలో అన్నియు ఒకే కంబమునకు అమర్చియుండును. గాలిని ఎత్తున కొలువవలెను. వానను నేలకు దగ్గరగా కొలువవలెను. ఎత్తున గాలి విసురునకు వానచినుకులు గరాటులో పడక తప్పిపోవును. లోపల తూగు చిన్న దొన్నెలలో దుమ్ము, చీమలు, సాలెగూడు చేరినచో వాన తక్కువ చూపును. కావున కొనుటకు ముందు అమ్మువానిని ఈ ప్రశ్నలడుగుడు: వాన భాగమును విడిగా నేలదగ్గర పెట్టవచ్చునా? తేమ చూపు భాగము చెడిన, అది యొక్కటే దొరకునా? బ్యాటరీ ఎన్ని నెలలు వచ్చును? ఇంటర్నెట్ లేకున్నను లెక్క నిలుచునా? కొనినను ప్రక్కన సీసా వర్షమాపకము నుంచి నెలకొకమారు సరిచూచుకొనుడు.

మరియొక మాట. వాతావరణాధార పంటల భీమాలో పరిహారమునకు ప్రభుత్వము నిర్ణయించిన కేంద్రముల లెక్కయే ప్రమాణము. మన సీసా లెక్క విత్తుటకు, తడి పెట్టుటకు, మందు చల్లుటకే.

ఇది రైతులకు మించిన పని కాదు. 2000 తరువాతి సంవత్సరములలో ఆంధ్రప్రదేశమున ఏడు కరవు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే తమ యూళ్ల వానను, బోరుబావుల నీటిమట్టమును కొలిచి, ఊరి నీటి పద్దు వేసికొని, దానినిబట్టి పంటలు నిర్ణయించుకొనిరి. అందులో చదువు తక్కువ గల స్త్రీపురుషులును పాల్గొనిరి.

కావున నా మనవి యిది. ప్రతి సభ్యుడు ఒక సీసా వర్షమాపకము పెట్టుకొనుగాక. ఉష్ణమాపకములు, చెక్కపెట్టె సంఘము తరఫున ఒక్కటి కొనిన చాలును. ఆ యంకెలను కార్యాలయపు నల్లబల్లపై దినదినము వ్రాసెదము. ఈ విషయమును రాబోవు సభ్యుల సమావేశమున ఆలోచింప గోరుచున్నాను. ఆ పెద్దయ్య చేనిలో ఇప్పుడొక వర్షమాపకము గలదు, నేనే పెట్టితిని. గింజ పెట్టుటకు ముందు ఆయన ఇక నన్నడుగడు. తన పుస్తకము చూచుకొని, నాకు చెప్పుచున్నాడు.