సౌర నీటి పంపు నిర్వహణ

9.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
• సౌర పంపులోని ముఖ్య భాగాలను, వాటి పనిని వివరించగలుగుతారు.
• నీటి ధార తగ్గడానికి గల కారణాన్ని క్రమపద్ధతిలో గుర్తించగలుగుతారు.
• రైతు స్వయంగా చేసుకోదగిన పనులను, నిపుణుడికి వదలవలసిన పనులను వేరు చేసి చెప్పగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

2025 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిరా సౌర గిరి జల వికాసం పథకాన్ని ప్రారంభించింది. అటవీ హక్కుల పట్టాలు పొందిన గిరిజన రైతులకు పూర్తి రాయితీతో సౌర పంపులు అమర్చి, 6 లక్షల ఎకరాలకు నీరందించడం దీని లక్ష్యం. దేశవ్యాప్తంగా పీఎం కుసుమ్ పథకం 2019లోనే మొదలయింది.

కరెంటు తీగ చేరని పొలంలో సౌర పంపు ఆగిపోతే వేరే ఆధారం ఉండదు. పూత దశలో ఉన్న పైరు మెకానిక్ వచ్చేదాకా ఆగదు. కాబట్టి పంపును అమర్చడంతో పని పూర్తికాదు. దాన్ని కాపాడుకోవడం తెలిసి ఉండాలి.

9.2 పంపు పనిచేసే తీరు

సౌర ఫలకాలు ఎండను ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. కంట్రోలర్ ఆ విద్యుత్తును మోటారుకు తగినట్లు మార్చి అందిస్తుంది. బోరులోని సబ్‌మెర్సిబుల్ మోటారు పంపును తిప్పుతుంది. 3 హెచ్.పి. పంపుకు సాధారణంగా 3,000 వాట్ల ఫలకాలు అమరుస్తారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నీటిని బోరు అడుగు నుంచి పైకి నెట్టాలంటే పంపు కొంత కనీస వేగంతో తిరగాలి. అంతకన్నా తక్కువ వేగంలో మోటారు తిరుగుతూనే ఉంటుంది గాని నీరు పైకి రాదు. అందువల్ల ఫలకాలపై దుమ్ము పేరుకుంటే మధ్యాహ్నపు ధార తగ్గడమే కాదు, ఉదయం నీరు ఆలస్యంగా మొదలవుతుంది, సాయంత్రం ముందే ఆగిపోతుంది. లోతైన బోర్లలో ఈ నష్టం మరింత ఎక్కువ.

9.3 ఫలకాల సంరక్షణ

ఫలకాలను తెల్లవారుజామున గాని, సాయంత్రం చల్లబడ్డాక గాని కడగాలి. మిట్టమధ్యాహ్నం కాగిన అద్దంపై చన్నీళ్లు పోస్తే పగుళ్లు రావచ్చు. మెత్తని గుడ్డ, మంచి నీరు చాలు. ఇసుక, పీచు, సబ్బు పొడి వాడకూడదు. ఉప్పు నీటితో కడిగి అలాగే ఆరనిస్తే తెల్లని పొర మిగులుతుంది. ఫలకాలపై కాలు పెట్టకూడదు.

నీడ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫలకంలోని ఘటాలన్నీ వరుసగా కలిసి ఉంటాయి. ఒక్క కొమ్మ నీడ కొన్ని ఘటాలపై పడినా ఆ వరుస అంతటిలో ప్రవాహం తగ్గవచ్చు. బైపాస్ డయోడ్లు ఈ నష్టాన్ని కొంతవరకే తగ్గిస్తాయి. అడ్డువచ్చే కొమ్మలను ఎప్పటికప్పుడు కొట్టివేయాలి.

ఎండాకాలంలో ధార కొంత తగ్గితే కంగారుపడనక్కరలేదు. ఫలకం ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. ఫలకం 65 డిగ్రీలకు చేరితే తగ్గుదల సుమారు 16 శాతం.

9.4 విద్యుత్ భద్రత

ఎండ ఉన్నంతసేపూ ఫలకాల తీగల్లో విద్యుత్ పీడనం ఉంటుంది. కంట్రోలర్ స్విచ్ ఆపినా అది పోదు. పంపు నడుస్తుండగా కనెక్టర్లను లాగితే మెరుపు పుట్టి చేతులు కాలవచ్చు, ప్రాణాపాయం కూడా కలగవచ్చు. కాబట్టి రైతు చేయవలసింది కంటితో చూడడం: ఎలుకలు కొరికిన తీగలు, వదులైన బోల్టులు, తెగిన ఎర్తింగ్ తీగ. కంట్రోలర్ పెట్టెను తెరవడం, తీగలు కలపడం నిపుణుడి పని. పీఎం కుసుమ్ కింద అమర్చిన పంపులకు 5 సంవత్సరాల నిర్వహణ బాధ్యత సరఫరాదారుడిదే.

9.5 లోపాన్ని గుర్తించే పద్ధతి

పంపు కొత్తగా ఉన్నప్పుడే ఒక కొలత రాసిపెట్టుకోవాలి. ఉదాహరణకు, మబ్బులేని రోజు మధ్యాహ్నం 12 గంటలకు 200 లీటర్ల డ్రమ్ము 2 నిమిషాల 30 సెకన్లలో నిండిందనుకుందాం. అంటే నిమిషానికి 80 లీటర్లు. కొన్ని నెలల తరవాత అదే డ్రమ్ముకు 3 నిమిషాల 20 సెకన్లు పడితే ధార 60 లీటర్లకు తగ్గినట్లు. అప్పుడు ఈ వరుసలో పరిశీలించాలి:

1. ఫలకాలు కడిగి, నీడ తొలగించి, మరునాడు అదే సమయంలో మళ్లీ కొలవాలి.
2. తేడా రాకపోతే బోరులో నీటిమట్టం చూడాలి. మట్టం దిగితే ధార తగ్గడం సహజం. అది పంపు లోపం కాదు.
3. మట్టం మునుపటిలాగే ఉంటే పైపు కారడం, పంపు అరుగుదల వంటివి అనుమానించాలి.
4. మోటారు అసలే తిరగకపోతే కంట్రోలర్ తెరపై కనిపించే సంకేతాన్ని రాసుకుని నిపుణుడికి చెప్పాలి.

నీరు లేనప్పుడు పంపు తిరగకుండా ఆపే రక్షణ కంట్రోలర్‌లో ఉంటుంది. పంపు తరచూ ఆగుతోందని దాన్ని తీసివేయించకూడదు. ఆ ఆగడం బోరు ఇస్తున్న హెచ్చరిక.

కృత్యం: మారేడ్‌పల్లి వంటి నగర ప్రాంతంలో ఉన్నవారికి పొలం పంపు అందుబాటులో ఉండకపోవచ్చు. తెలిసినవారి ఇంటి డాబాపై సౌర ఫలకాలుంటే, వాటిని కడగడానికి ముందురోజు, మరునాడు ఒకే సమయంలో ఇన్వర్టర్ రీడింగు నమోదు చేసి పోల్చండి. రెండు రోజులూ ఆకాశం నిర్మలంగా ఉండాలి.

9.6 సారాంశం

సౌర పంపుకు ఇంధన ఖర్చు లేదు గాని శ్రద్ధ కావాలి. శుభ్రత, నీడ లేకపోవడం, క్రమం తప్పని కొలత అనే మూడూ రైతు చేతిలో ఉన్నవే. ఎండ ఉచితమే అయినా భూగర్భజలం తరగనిది కాదు. అవసరం తీరగానే పంపు ఆపడం కూడా నిర్వహణలో భాగమే.

9.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దుమ్ము వల్ల నీరు వచ్చే సమయం ఎందుకు తగ్గుతుంది?
2. ధార తగ్గినప్పుడు ముందుగా ఏమి పరిశీలించాలి? ఎందుకు?
3. స్విచ్ ఆపినా ఫలకాల తీగలను ఎందుకు తాకకూడదు?