దుమ్ముగూడెం మిషనరీ రచనలు: కోయల కొండసీమ – క్రైస్తవదృష్టి – పాలనావ్యవస్థ

1. ఉపోద్ఘాతం

భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డున ఉన్న దుమ్ముగూడెంలో, నదీ నౌకాయాన నిర్మాణాల ఇంజనీరు హేగ్ చొరవతో 1860ల ఆరంభంలో కోయల మధ్య క్రైస్తవప్రచారం మొదలైంది. అక్కడ పనిచేసిన రెవరెండ్ జాన్ కెయిన్, భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 1876 నుంచి ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో వ్యాసాలు ప్రకటించారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909 నాటి తన గ్రంథంలో వాటిని విస్తారంగా ఉదహరించారు. నేటి పరిశోధకులు చాలావరకు థర్‌స్టన్ ద్వారానే వాటిని గ్రహిస్తున్నారు. అందువల్ల ఆ మాటలు ఎవరివి, ఏ కాలానివి అన్న ప్రశ్న మరుగునపడుతోంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

2. పరిశీలన – విశ్వాసదృష్టి

కోయలు తమ మూలాన్ని భీముడితో ముడిపెట్టి చెప్పుకొనే కథనూ, విత్తనాల పండుగనూ కెయిన్ నమోదు చేశారు. 1881లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోయలను గోండుల దక్షిణశాఖగా పరిచయం చేశారు. ద్రావిడభాషా పరిశోధన కూడా కోయను గోండీకి సన్నిహితంగానే నిలిపింది. ఇవి ఆయన పరిశీలనకు బలాలు.

అయితే పంట చెడకుండా దేవతను శాంతింపజేయడంగా ఆయన చూసిన ఆచారానికి మరో పార్శ్వముంది. కోయల పండుగలు విత్తే వేళనూ, కొత్త ఫలాన్ని తినే వేళనూ నిర్ణయిస్తాయి. అవి అడవితో సాగే జీవనానికి కట్టుబాట్లు. ఏకేశ్వర విశ్వాసం నుంచి చూసినవారికి అందులో భయమే ముందుగా కనిపించడం సహజం.

3. ఏ సంప్రదాయాన్ని కాపాడాలి?

1874లో ఈ తాలూకాలు మధ్యపరగణాల నుంచి మద్రాసు రాష్ట్రానికి బదిలీ అయ్యాయి. గొడ్డలికి నాలుగణాలుగా ఉన్న పోడుపన్ను దాదాపు మూడురెట్లయింది; కొన్ని అడవుల్లో నరకడం నిషిద్ధమైంది. 1879 నాటి రంప తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి ఇదొక కారణం. పాలకులకు ‘వ్యవస్థను కాపాడటం’ అంటే పన్ను, పోలీసు, అటవీహద్దు. కొండవాసులకు అది పోడుహక్కును నిలుపుకోవడం. రెండూ సంప్రదాయరక్షణే, కానీ ఒకటి మరొకదాన్ని చెరిపేసింది. తరువాత హైమన్‌డార్ఫ్ కొండరెడ్లపై 1945లో ప్రచురించిన గ్రంథంలో, కొండవాసుల భూమికీ ఆచారానికీ రక్షణ కావాలన్న దృష్టి కనిపిస్తుంది.

4. ముగింపు

కెయిన్ రచనలను తోసిపుచ్చడం వల్ల అరుదైన ఆధారాన్ని కోల్పోతాం. యథాతథంగా స్వీకరిస్తే ఆయన తీర్పులే కోయల చరిత్రగా స్థిరపడతాయి. కనుక మూలవ్యాసాలను చదివి, చూసినదాన్నీ తీర్పునూ వేరుచేసి, కోయల మౌఖిక కథనాలతో సరిపోల్చాలి. పోడుభూముల వివాదం నేటికీ ఈ సరిహద్దు గ్రామాల్లో సజీవం. అక్కడ పాత వాక్యం సాక్ష్యంగా మారగలదు కాబట్టి, దాన్ని ఉదహరించేవారి బాధ్యత మరింత పెద్దది.