తిరునాళ్ళ దుకాణానికి చట్టంలో చోటేది?

న్యూఢిల్లీ: ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ 2014 ఫిబ్రవరి 18న, రాజ్యసభ 20న ఆమోదించాయి. ఆ రెండు తేదీలూ తెలుగువారు మరచిపోగలిగినవి కావు. ఆ రెండింటికీ నడుమ, 19వ తేదీన, రాజ్యసభ మరొక బిల్లును కూడా ఆమోదించింది. అది వీధి వర్తకుల జీవనోపాధి పరిరక్షణకూ, వర్తక క్రమబద్ధీకరణకూ ఉద్దేశించిన బిల్లు. 2013 సెప్టెంబరు 6నే లోక్‌సభ గడప దాటిన ఆ బిల్లు, 2014 మార్చి 4న రాష్ట్రపతి సమ్మతితో చట్టమై మే 1 నుంచి అమలులోకి వచ్చింది. రాష్ట్రం రెండుగా చీలుతున్న హోరులో తోపుడుబండివాని గోడు తెలుగు పాఠకుని చెవికి సోకకపోవడంలో వింత లేదు. కాని తిరునాళ్ళు, జాతరలు వచ్చినప్పుడల్లా ఆ చట్టాన్ని ఒకసారి తెరచి చూడవలసిన అవసరం కలుగుతున్నది.

ఈ చట్టం ఏలినవారి దయాదాక్షిణ్యాల వల్ల వచ్చినది కాదు. వీధిలో వర్తకం చేసుకోవడం రాజ్యాంగం 19వ అధికరణంలోని వృత్తి స్వేచ్ఛలో భాగమేననీ, అయితే ఆ హక్కు సహేతుకమైన ఆంక్షలకు లోబడి ఉంటుందనీ 1989లో సోదన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. 2010లో గైండారామ్ కేసులో, 2011 జూన్ 30లోగా చట్టం తీసుకురావలసిందని అదే కోర్టు గడువు పెట్టింది. గడువు దాటిన సుమారు మూడేళ్ళకు చట్టం వచ్చింది.

వచ్చిన చట్టం చెడ్డది కాదు. పట్టణ జనాభాలో 2.5 శాతం వరకు వీధి వర్తకులకు చోటు చూపాలన్నారు. సర్వే పూర్తికాకుండా ఎవరినీ లేవగొట్టరాదన్నారు. లేవగొట్టవలసి వస్తే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. జప్తు చేసిన సరకు పాడైపోయేదయితే అడిగిన రోజుననే, కానిదయితే రెండు పనిదినాలలో తిరిగి ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో వర్తకులు ఎన్నుకున్న ప్రతినిధులు 40 శాతానికి తగ్గరాదు.

అయితే ఈ చట్టం కళ్ళ ముందు పెట్టుకున్న మనిషి ఏడాది పొడుగునా ఒక ఊరిలో, ఒక వీధిలో అమ్ముకునేవాడు. గాజులు, జీళ్ళు, బొమ్మలు నెత్తిన పెట్టుకొని ఈ తిరునాళ్ళ నుంచి ఆ తిరునాళ్ళకు సాగిపోయేవాని సంగతి ఏమిటి? నిర్వచనం ప్రకారం చోటు మార్చుకుంటూ అమ్మేవాడు కూడా వీధి వర్తకుడే. అమలు దగ్గరకు వచ్చేసరికి మూడు చిక్కులు ఎదురవుతున్నాయి.

మొదటిది సర్వే. అయిదేళ్ళకొకసారి జరిగే ఆ లెక్కింపు పండుగనాడే జరగాలని లేదు. లెక్కించేవారు వచ్చేనాటికి అతడు మరో ఊళ్ళో ఉంటాడు. రెండవది హామీపత్రం. తనకు వేరే జీవనాధారం లేదని వర్తకుడు రాసి ఇవ్వాలి. ఎనిమిది నెలలు కూలికి పోయి, పండుగల రోజుల్లో దుకాణం పెట్టుకునేవాడు ఆ మాట నిజాయితీగా ఎలా రాయగలడు? మూడవది హద్దు. ఈ చట్టం పట్టణాలకూ నగరాలకూ ఉద్దేశించినది. మన పెద్ద జాతరలు పల్లెలలో జరుగుతాయి. రెండేళ్ళకొకసారి లక్షలాది జనంతో మహానగరంగా మారే మేడారం ఒక గిరిజన గ్రామం. అక్కడ బెల్లం అమ్మేవానికి ఈ చట్టం అక్కరకు రాదు.

చట్టం లేనిచోట పెత్తనం ఖాళీగా ఉండదు. ఢిల్లీలో దసరా రోజుల్లో రామలీలా మైదానాల వెంట తిరిగినప్పుడు, దుకాణం పెట్టుకోవడానికి అనుమతి ఎవరిచ్చారని నేను అడుగుతుంటాను. ఒకరు ఉత్సవ సంఘం అంటారు. ఒకరు ఏదో రసీదు చూపుతారు. ఒకరు జవాబు చెప్పక తూకం వేసుకుంటారు. మన పల్లెలలో దీనికి ఆశీలు వేలం ఉన్నది. పాట హెచ్చించి పాడుకున్న కాంట్రాక్టరు ఆ సొమ్మును నాలుగు రోజులలో చిల్లర వర్తకుని దగ్గరే రాబట్టుకోవాలి. రేటు ఎంతో రాసి ఉండకపోతే అడిగినంతా రేటే.

చేతిలో లైసెన్సు ఉన్నా భరోసా లేదనడానికి 2017 దీపావళి నిదర్శనం. రాజధాని ప్రాంతంలో నిలిపివేసిన బాణసంచా అమ్మకాలను సుప్రీంకోర్టు ఆ ఏడు సెప్టెంబరు 12న పాక్షికంగా అనుమతించింది. తాత్కాలిక లైసెన్సులు అంతకుముందు సంవత్సరం సంఖ్యలో సగానికి మించరాదన్నది. వర్తకులు సరకు తెచ్చుకున్నారు. అక్టోబరు 9న కోర్టు మళ్ళీ అమ్మకాలను ఆపివేసింది. దీపావళి 19న. ఊపిరాడని నగరాన్ని కాపాడబూనడం తప్పని ఎవరూ అనలేరు. కాని ప్రభుత్వ ముద్ర నమ్ముకొని పెట్టుబడి పెట్టిన చిన్న వర్తకుని నష్టం ఎవరి ఖాతాలో రాయాలి? 2008 నాటి నిబంధనలలో బాణసంచా దుకాణానికీ దుకాణానికీ మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలని ఉన్నది. ఇటువంటి నష్టానికి ఏ నిబంధనా లేదు.

ఇంతకంటె లోతైన ప్రమాదం మరొకటి ఉన్నది. 2022 మార్చిలో కర్ణాటకలో కొన్ని ఆలయాల ఉత్సవాలకు ముస్లిం వర్తకులను రానీయకపోవడం పెద్ద వివాదమైంది. ఆలయ సమీప స్థలాలను హిందూయేతరులకు లీజుకివ్వరాదన్న 2002 నాటి దేవాదాయ నిబంధనను ప్రభుత్వం శాసనసభలో ఉదహరించింది. మనకూ ఇది కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో జారీచేసిన ఉత్తర్వుపై శ్రీశైలం దుకాణదారులు సుప్రీంకోర్టు దాకా వచ్చారు. మతం కారణంగా మాత్రమే వేలం నుంచి ఎవరినీ మినహాయించరాదని 2021 డిసెంబరులో ఆ కోర్టు మధ్యంతరంగా ఆదేశించింది. శ్రీశైలం దుకాణదారులు కోర్టుకెక్కగలిగారు. నాలుగు రోజుల కోసం గంప దించుకున్నవాడు ఏ కోర్టుకు పోతాడు? తీర్పు వచ్చేసరికి తేరు తిరిగి గుడి చేరుతుంది.

మార్గం లేకపోలేదు. దానికోసం పార్లమెంటు మళ్ళీ కూర్చోనక్కరలేదు. స్థిర వర్తకులు, సంచార వర్తకులు అన్న రెండు తరగతులే గాక, రాష్ట్ర ప్రభుత్వం తన పథకంలో పేర్కొనే ఇతర తరగతులకూ ధ్రువపత్రం ఇవ్వవచ్చునని 2014 చట్టం 6వ సెక్షనే చెబుతున్నది. పండుగ వర్తకుని ఆ తరగతిలో చేర్చడానికి అడ్డేమిటి? ఇక పల్లెల మాట. సంతలు, తిరునాళ్ళు రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో 28వ అంశం. పంచాయతీలకు అప్పగించదగిన విషయాలను పేర్కొనే పదకొండవ షెడ్యూలులో 22వ అంశం కూడా అదే. కనుక తాళంచెవులు హైదరాబాదులోనూ, అమరావతిలోనూ, గ్రామ పంచాయతీలోనూ ఉన్నాయి.

కావలసినవి కూడా పెద్దవి కావు. పండుగకు నెల రోజుల ముందు దరఖాస్తులు, ఒకే బల్ల దగ్గర అనుమతి, మతం అడగని చీటీ, రసీదు లేని వసూలుకు శిక్ష. వచ్చే తిరునాళ్ళకు ముందు ఆశీలు రేటు పంచాయతీ గోడమీద రాసి ఉన్నదో లేదో చూడడం ఢిల్లీ దాకా రావలసిన పని కాదు. పాఠకులు తమ ఊరిలోనే చూడవచ్చు, రాసి లేకపోతే అడగవచ్చు.